మా ఎంపీ గారు చూసుకుంటారు

నేను ఒక ఎంపీ ఆఫీసులో పనిచేస్తాను. ఏ ఊరో చెప్పను. టొరంటో చుట్టూ ఉన్న ఊళ్ళలో ఒకటి అనుకోండి, చాలు. ఎంపీ ఆఫీసంటే గన్‌మెన్లూ తెల్లకార్లూ ఊహించుకుంటారేమో, అంత లేదు. ఒక ప్లాజాలో పళ్ళ డాక్టరుకీ షవర్మా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదులు. ముందు గదిలో ఎనిమిది కుర్చీలు, ఒక జెండా, నా బల్ల. వెనక గది ఆయనది. పార్లమెంటు నడిచే రోజుల్లో ఆయన ఒటావాలో ఉంటాడు కాబట్టి ఆ గది సగం రోజులు ఖాళీయే.

ఆయన మొదటిసారి గెలిచినప్పుడు ముప్ఫై ఒక్కేళ్ళవాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. అందుకే 'అన్నాడు', 'వెళ్ళాడు' అని రాస్తున్నాను. తెల్లవాడు, పొడుగరి, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. అలా వింటుంటే మనకి చెప్పాలని లేనివి కూడా చెప్పేస్తాం. అది ఆయనకి పాత ఉద్యోగంలో అబ్బిన విద్య. ఎంపీ కాకముందు ఆయన లాబీయిస్టు.

ఈ మాటకి అర్థం చెప్పడానికి నేను పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మా తెలుగు చర్చి ఒక ఇంగ్లీషు చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఆరాధన జరుపుకుంటుంది. ఎన్నికల ముందు ఆయన అక్కడికి వచ్చి మూడు నిమిషాలు మాట్లాడి, సమోసా తిని వెళ్ళాడు. వెళ్ళగానే ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరారు.

"ఈ అబ్బాయి ఇంతకుముందు ఏం చేసేవాడమ్మా?" అని బాపట్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అడిగింది.

"గవర్నమెంటు వాళ్ళ దగ్గరికి వెళ్ళి కాలేజీల తరఫున మాట్లాడేవాడండి, ఆంటీ. ఫలానా రూలు మార్చండి, ఫలానా పర్మిషన్ ఇవ్వండి అని."

ఆవిడ ముఖం విప్పారింది. "పైరవీలు చేసేవాడని చెప్పు. పనులు తెలిసిన మనిషన్నమాట."

నాకు నవ్వొచ్చింది. అవతలి పార్టీ వాళ్ళు కరపత్రం వేసి, ఇతనొక లాబీయిస్టు అని పెద్దక్షరాల్లో తిట్టిపోశారు. మావాళ్ళు ఆ కరపత్రం చదివే ఆయనకి ఓటు వేయాలని తీర్మానించుకున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక సంతకం కోసం, ఒక సిఫారసు కోసం కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళం. తిరుమల దర్శనానికైనా, గవర్నమెంటు ఆస్పత్రిలో మంచానికైనా ఎంపీ లెటర్ ఉంటే వేరు, లేకపోతే వేరు. మాకు పైరవీకారుడే ఎంపీ అవుతానంటే చేదా?

ఆయన పైరవీ చేసింది ప్రైవేటు కాలేజీల సంఘానికి. బయటి దేశాల స్టూడెంట్లని ఇంకా రానివ్వండి, సీట్లు పెంచండి అని మంత్రుల చుట్టూ తిరిగేవాడు. అప్పట్లో అది తప్పని ఎవరూ అనలేదు. మా చర్చిలో ప్రతి టర్ముకీ కొత్త ముఖాలు, కుర్చీలు చాలక గోడవారగా నిలబడే పిల్లలు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు. పిజ్జా కొట్టు పై అంతస్తులో కూడా ఒక కాలేజీ ఉండేది. పిల్లలు ఊళ్ళో ఉన్నారు, షిఫ్టులు చేస్తున్నారు, ఫీజులు కడుతున్నారు, అందరికీ బాగుంది.

నేను అప్పుడు డే-కేర్‌లో పని మానేసి ఇంట్లో ఉన్నాను. ఎన్నికల ప్రచారంలో తెలుగు ఇళ్ళ తలుపులు కొట్టడానికి ఒక మనిషి కావాలంటే నేను వెళ్ళాను. పదిహేనేళ్ళ మా అమ్మాయి కూడా స్కూల్లో చూపించాల్సిన వాలంటీర్ అవర్స్ కోసం వెంట వచ్చేది. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు తమ కష్టం చెప్పేవారు. అత్తగారు వచ్చి ఉండడానికి సూపర్ వీసా రాలేదనో, తమ్ముడు ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ ఆగిపోయిందనో. ఆయన తల పక్కకి వంచి విని, చివర్లో ఒకటే మాట అనేవాడు: "వి విల్ లుక్ ఇంటూ ఇట్." రెండో రోజో మూడో రోజో నన్నడిగాడు, దీన్ని తెలుగులో ఏమంటారని.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. దానికి సరైన తెలుగు 'చూస్తాం'. అంతే. చూస్తాం, కనుక్కుంటాం. కానీ మన దగ్గర ఎవరైనా 'చూస్తాంలే' అంటే ఇక పని కాదని అర్థం. గుమ్మంలో నిలబడి ఓటు అడుగుతూ 'చూస్తాం' అనిపిస్తే ఏం బాగుంటుంది? అందుకని 'చూసుకుంటాం' అని నేర్పాను. నడుమ రెండక్షరాలు, అంతే తేడా. కానీ చూసుకుంటాం అంటే ఆ బరువు నా నెత్తిన వేసుకున్నాను, నువ్వు నిశ్చింతగా ఉండు అని. పెళ్ళిలో భోజనాల సంగతి మేనమామ చూసుకుంటానంటే పెళ్ళికూతురి తండ్రి మళ్ళీ వంటశాల వైపు తొంగి చూడడు.

ఆయన ఆ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో అరచేతి మీద రాసుకున్నాడు. తర్వాతి గుమ్మం దగ్గర చేతులు జోడించి "చూసుకుంటాం" అన్నాడు. ఆ ఇంటాయన పొంగిపోయి కాఫీ తాగందే కదలనివ్వలేదు.

కారెక్కాక మా అమ్మాయి వెనక సీట్లోంచి, "మామ్, దట్స్ నాట్ వాట్ హి మీన్స్" అంది.

"నీకు తెలుగు రాదు, ఊరుకో" అన్నాను.

ఆయన గెలిచాడు. నన్ను ఆఫీసులో పెట్టుకున్నాడు. నా పని, వచ్చినవాళ్ళ ఇమిగ్రేషన్ కేసులు విని, ఇమిగ్రేషన్ శాఖకి ఎంక్వైరీ పంపి, జవాబు తెప్పించడం. ఎంపీ ఆఫీసు చేయగలిగింది అంతే. ఫైలు ఎక్కడుందో అడగగలం, నిర్ణయం మార్చలేం. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే చెప్పారు. వచ్చేవాళ్ళకి నేను అంత గట్టిగా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే నాకు సిగ్గేస్తుంది. చర్చిలో, తెలుగు వాళ్ళ పుట్టినరోజుల్లో, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర అందరూ నన్ను ఆపి మాట్లాడేవారు. "మీరు సార్‌కి ఒక మాట చెప్పండి" అనేవారు. డే-కేర్‌లో పిల్లల ముక్కులు తుడిచినప్పుడు నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. నాకది నచ్చింది. బాగా నచ్చింది.

రెండో ఏడు తిరిగేసరికి గాలి మారింది. అద్దెలు పెరిగాయి, డాక్టర్లు దొరకడం లేదు, అన్నిటికీ స్టూడెంట్లే కారణమని జనం ఫోన్లు చేసి తిట్టేవారు. ఆ తిట్లన్నీ వినేది నేనే, నా యాస విని ఇంకో రెండు ఎక్కువ తిట్టేవారు కూడా. స్టూడెంట్లు మన భవిష్యత్తు అని పార్లమెంటులో మాట్లాడిన ఆయనే, ఇప్పుడు 'వ్యవస్థ అదుపు తప్పింది' అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు నన్ను పిలిచి వెబ్‌సైటులో ఆయన గురించి ఉన్న పేరా మార్చమన్నాడు. కాలేజీల పేర్లు, సంఘం పేరు తీసేసి, 'విద్యారంగంలో విధాన సలహాదారుగా పనిచేశారు' అని పెట్టించాడు. ఒక్కో పేరూ కొట్టేసింది నేనే. అందుకే ఆ పేర్లు నాకు బాగా గుర్తు.

ఆ ఫిబ్రవరిలో ఒక అమ్మాయి వచ్చింది. కరీంనగర్ దగ్గరి పల్లె. ఇరవై నాలుగేళ్ళుంటాయి. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, చాప తడుస్తుందేమోనని పక్కన పెట్టి, సాక్సులతో లోపలికి వచ్చింది. ఆఫీసులో అలా ఎవరూ చేయరు. నాకు ముచ్చటేసింది.

ఆమె కథ నేను అంతకుముందు చాలాసార్లు విన్నదే. రెండేళ్ళు చదివింది, పాసైంది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసింది, రిజెక్ట్ అయింది. ఆమె చదివిన కోర్సుకి వర్క్ పర్మిట్ ఇవ్వరట. ఇస్తారని కాలేజీ వాళ్ళు చెప్పారు, ఏజెంటూ చెప్పాడు. రిజెక్ట్ అయిన రోజు నుంచి తొంభై రోజుల్లోగా, ఈ దేశంలో ఉండే స్టేటస్ తిరిగి ఇవ్వమని అప్లై చేసుకోవాలి. దాన్ని రిస్టోరేషన్ అంటారు. ఆ తొంభై రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది, దేశం వదిలి వెళ్ళాలి. ఆమె వచ్చింది నాలుగో రోజున.

ఆ రోజు ఆయన ఆఫీసులోనే ఉన్నాడు. బయటికి వచ్చి, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, తల వంచి పది నిమిషాలు విన్నాడు. ఆమె ఇంగ్లీషులో చక్కగానే చెప్పింది. చివర్లో ఆయన, "వి విల్ లుక్ ఇంటూ ఇట్. లీవ్ ఇట్ విత్ అస్" అని లోపలికి వెళ్ళాడు. గుమ్మాల దగ్గర వాడిన తెలుగు మాట ఆఫీసులో వాడేవాడు కాదు. ఆఫీసులో ఆయన జాగ్రత్త మనిషి.

అమ్మాయి నా వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. నేను ఆమె చేయి పట్టుకుని అన్నాను.

"ఇంకేం భయం లేదమ్మా. సార్ చూసుకుంటారు. మాకు వదిలెయ్."

ఆమె నా చేతిని కళ్ళకద్దుకుంది. నేను వద్దు వద్దంటూనే మురిసిపోయాను.

ఎంక్వైరీ పంపాను. రెండు వారాలకి జవాబొచ్చింది: కోర్సుకి అర్హత లేదు, నిర్ణయం సరైనదే. ఆ కాగితం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. మంత్రికి ఒక లెటర్ రాస్తే బాగుంటుందేమో అన్నాను. ఆయన కాలేజీ పేరు చూశాడు. ముఖంలో ఏం మారలేదు. "లెట్స్ హోల్డ్ ఆన్ దిస్ వన్" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. వెబ్‌సైటు నుంచి నా చేత్తో తీసేసిన పేర్లలో అదొకటి.

నేను ఆ ఫైలు పక్కన పెట్టాను. జవాబు వచ్చిన సంగతి ఆమెకి ఫోన్ చేసి చెప్పాలి కదా. చెప్తే ఏడుస్తుంది, ఏడిస్తే నేనేం చెప్పాలి, ఆయన మనసు మారితే అప్పుడే చెబుదాం అని వాయిదా వేశాను. మార్చిలో ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ నీళ్ళు నమిలాను. "ఇంకా నడుస్తోందమ్మా" అన్నాను. ఏప్రిల్‌లో ఒకసారి సర్వపిండి చేసి, ఫాయిల్‌లో చుట్టి వేడివేడిగా పట్టుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "మీకు పని ఉంటది ఆంటీ" అని వెళ్ళిపోయింది. ఆ సర్వపిండి మేము ఆఫీసులో అందరం తిన్నాం, ఆయన కూడా రెండు ముక్కలు తిని బాగుందన్నాడు.

మే నెలలో మా ఎంపీ గారి పిక్నిక్ జరిగింది. పార్కులో హాట్‌డాగ్‌లు, పిల్లలకి ముఖం మీద రంగులు. ఆమె వాలంటీరుగా వచ్చింది. ఆయన పేరున్న టీషర్టు వేసుకుని, పేపరు ప్లేట్లు పంచుతూ, వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరిస్తోంది. రద్దీ తగ్గాక ఇద్దరం ఒక బెంచీ మీద కూర్చున్నాం. మాటల్లో మాటగా అడిగాను.

"రిస్టోరేషన్ అప్లై చేశావుగా, ఏమన్నా వచ్చిందా?"

"నేనా? నేనెందుకు ఆంటీ? అది సార్ చూసుకుంటున్నరు గదా."

ఒళ్ళో పెట్టుకున్న చేతి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఫిబ్రవరిలో ఇన్ని, మార్చిలో ఇన్ని. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. తొంభై రోజులు దాటి తొమ్మిది రోజులైంది.

"నువ్వు అప్లై చేయలేదా?" నా గొంతు పెరిగింది. "ఇంగ్లీషులో చదువుకున్నదానివి, రిజెక్షన్ కాగితం మీద తొంభై రోజులని రాసి ఉంది కదా, చూసుకోవద్దా? ఆయన లుక్ ఇంటూ ఇట్ అనే కదా అన్నాడు, దానికి అర్థం తెలీదా నీకు?"

పక్క బెంచీ వాళ్ళు మా వైపు తిరిగారు. తప్పు నాదని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువగా వస్తుంది. మా ఆయన పాతికేళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉన్నాడు.

ఆమె చేతిలో ప్లేట్ల కట్ట కింద పెట్టింది.

"సార్ అన్నది నాకు సమజైంది ఆంటీ. లుక్ ఇంటూ ఇట్ అంటె జెర చూస్తమని. గంతే. నా ఫ్రెండ్సు గూడ అప్లై చెయ్యమనే అన్నరు. గని మీరు తెలుగుల చూసుకుంటరు అన్నరు. మాకు వదిలెయ్ అన్నరు. సార్ పైకి అట్ల అన్నడు, లోపటి మాట మీరు నాకు చెప్పిన్రు అనుకున్న. మళ్ళ నేను ఇంకోటి అప్లై చేస్తె సార్ చేసేది ఖరాబైతదేమో అని ఆగిన."

ఆమె ఇంగ్లీషు తప్పు అర్థం చేసుకోలేదు. ఇంగ్లీషు సరిగ్గానే విన్నది. దానికన్నా నా తెలుగుని ఎక్కువ నమ్మింది. లోపలివాళ్ళు మనవాళ్ళకి మన భాషలో చెప్పే మాటే అసలు మాట అని మనందరికీ తెలుసు కదా. ఏ ఆఫీసుకి వెళ్ళినా పై అధికారి చెప్పింది విని, బయట బంట్రోతు చెవిలో చెప్పింది నమ్ముతాం. నేను కూడా అంతే.

సోమవారం ఆమెని వెంటబెట్టుకుని మా చర్చికి వచ్చే ఒక ఇమిగ్రేషన్ కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళాను. అతను కాగితాలన్నీ చూసి కళ్ళజోడు తీశాడు.

"రిస్టోరేషన్ దారి మూసుకుపోయిందమ్మా. ఇక ఒక్కటే ఉంది, టెంపరరీ రెసిడెంట్ పర్మిట్. ఆఫీసరు దయతలిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. గడువు ఎందుకు దాటిందో గట్టి కారణం చూపించాలి. మీ ఆఫీసు లెటర్ ఇస్తే అదే గట్టి కారణం. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఏమని చెప్పారు, అన్నీ స్పష్టంగా ఉండాలి."

ఆ వారంలో మా ఆఫీసులో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. మంత్రికి పార్లమెంటరీ సెక్రటరీగా, అంటే పార్లమెంటులో మంత్రికి కుడిభుజంగా, మా ఎంపీ పేరు వినబడుతోంది. మొదటిసారి గెలిచినవాళ్ళకి అంత తొందరగా రాదట. గురువారం ఆయన రాగానే నేను లోపలికి వెళ్ళి తలుపు వేశాను. జరిగినదంతా చెప్పాను. మా మాటలు ఇంగ్లీషులోనే జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను. ఈసారి జాగ్రత్తగానే తర్జుమా చేస్తున్నాను.

ఆయన కోప్పడలేదు. నన్ను కూర్చోమని, మంచినీళ్ళ సీసా అందించాడు.

"ఆ కాలేజీకి పర్మిషన్ కోసం నేను మంత్రుల దగ్గర కూర్చున్నాను. ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని ఇప్పుడు నా సంతకంతో కాగితం వెళ్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూపించడానికి పేపరువాళ్ళకి ఒక పూట చాలు."

"కాలేజీ ఊసే వద్దు. మన ఆఫీసు ఆ పిల్లకి తప్పు చెప్పిందని రాయండి."

"మన ఆఫీసులో ఎవరు చెప్పారు?"

ఆయన తల పక్కకి వంచి ఎదురుచూశాడు. అలా ఎదురుచూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

"నేను" అన్నాను.

"అయితే నువ్వు రాయి. నీ పేరుతో. నేను అడ్డుపడను."

"రాస్తే నా ఉద్యోగం?"

"ఐ విల్ హావ్ టు లుక్ ఇంటూ దట్" అన్నాడు.

చూడాలి, అంటే చూడాలి అనే. ఆ రోజు నాకు ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అడిగేయాలనుకున్నాను. పిల్లలని రప్పించమని పైరవీ చేసినప్పుడు ఈ భయం ఏమైంది, అరచేతి మీద రాసుకుని ఓట్లు అడుక్కున్న మాట ఏమైంది అని. కానీ ఆ మాట నేర్పింది నేను. లేచి వచ్చేశాను.

శనివారం పొద్దున్న వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయనకి వాన్ అనే పక్క ఊళ్ళో వేర్‌హౌస్ పని. ఆ చలికాలంలో నడుము పట్టేసి, అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఇది సాకుగా చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. మొదట రాసిన లెటర్ నాలుగే వాక్యాలు: ఫలానా రోజున ఈ అమ్మాయితో, ఎంపీ గారు నీ పని చూసుకుంటారు, మాకు వదిలెయ్ అని నేను తెలుగులో చెప్పాను. ఆయన అలా అనలేదు. నేనే అన్నాను. ఆ మాట నమ్మి ఆమె గడువులోగా అప్లై చేయలేదు.

చదువుకున్నాను. ప్రాణం హాయిగా అనిపించింది. లేచి టీ పెట్టుకున్నాను. టీ తాగుతూ మళ్ళీ చదివాను. 'నేనే అన్నాను' అనే వాక్యం దగ్గర కళ్ళు ఆగిపోయాయి. అది లేకపోయినా అర్థమవుతుంది కదా అనిపించింది, తీసేశాను. దాన్ని తీసేశాక 'నేను తెలుగులో చెప్పాను' అన్నది మోటుగా కనిపించింది. రెండేళ్ళు ఆయన ఉత్తరాలు దిద్దిన చేయి ఇది. ఎవరు చేశారో చెప్పకుండా ఏం జరిగిందో చెప్పడం ఇంగ్లీషులో ఎంత సులువో నాకు బాగా తెలుసు. మధ్యాహ్నానికి ఆ లెటర్లో ఒక్క వాక్యమే మిగిలింది: ఆఫీసులో జరిగిన సంభాషణలో, భాష కారణంగా, ఒక అపార్థం చోటుచేసుకుంది. కింద నా సంతకం, నా హోదా కాదు, 'పరిచయస్తురాలు' అని.

ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుని చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇందుల ఎవరు చెప్పిన్రో లేదు గదా ఆంటీ."

"అంత వివరంగా అక్కర్లేదమ్మా. ఆఫీసర్లకి క్లుప్తంగా ఉండాలి."

"కన్సల్టెంట్ అంకుల్ స్పష్టంగ ఉండాలె అన్నడు."

"నేను రోజూ వీళ్ళకి రాస్తుంటాను కదా. సరిపోతుంది."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆమెకి అర్థమైంది. అర్థమైందని నాకూ అర్థమైంది. కాగితం మడిచి ఫోల్డర్లో పెట్టుకుంది. "మీకు తెలుస్తది ఆంటీ" అంది. వెళ్తూ మా ఆయనకి నడుము ఎలా ఉందని అడిగింది.

కన్సల్టెంటు ఆ లెటర్ చూసి నాకు ఫోన్ చేశాడు. "ఇదేంటమ్మా, ఇందులో ఏం ఉంది?" అన్నాడు. ఇంతకుమించి ఆఫీసు ఒప్పుకోదన్నాను. ఆఫీసు నన్ను అడ్డుకోలేదని అతనికి చెప్పలేదు. అదే పంపాడు.

జూన్‌లో ఆయన పార్లమెంటరీ సెక్రటరీ అయ్యాడు. ఆఫీసులో కేకు కోశాం. ఆయన నాకు ప్రత్యేకంగా ఒక ముక్క తెచ్చి ఇచ్చి, ఈ ఆఫీసు నడిచేది నీ వల్లే అన్నాడు. ఉద్యోగం సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం నేనే లేకుండా చేశాను. నోట్లో పెట్టుకున్న ఆ ముక్కని బాత్రూమ్‌కి వెళ్ళి టిష్యూలో ఉమ్మేశాను.

ఆగస్టులో ఆమె అప్లికేషన్ రిజెక్ట్ అయింది. కన్సల్టెంటు ఆ కాగితం ఫోన్‌లో చదివి వినిపించాడు. జతచేసిన లెటర్లో ఎవరు ఏం చెప్పారో లేదు. దరఖాస్తుదారు ఈ దేశంలో రెండేళ్ళు ఇంగ్లీషులో చదివి పాసయ్యారు కాబట్టి, భాష కారణంగా అపార్థం జరిగిందనడం నమ్మశక్యంగా లేదు. ఆ ఆఫీసరు రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆమెకి భాష రాక కాదు ఇదంతా జరిగింది. నన్ను కాపాడుకోవడానికి రాసిన ఆ ఒక్క వాక్యం ఆమెని అబద్ధాలకోరుని చేసి కూర్చోబెట్టింది. లెటర్ ఇవ్వకుండా ఉన్నా అంతకంటే నయంగా ఉండేదేమో.

నేను ఆమెకి ఫోన్ చేయలేదు. రోజూ చేయాలనుకునేదాన్ని. చేసి ఏం అనాలో తేలక, ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. చివరికి ఆమే చేసింది, సెప్టెంబరులో ఒక మంగళవారం. నేను ఆఫీసులో ఉన్నాను, ఎదురుగా ముగ్గురు వాళ్ళ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆమె వెనక ఎయిర్‌పోర్టు అనౌన్స్‌మెంట్లు వినిపిస్తున్నాయి.

"బోర్డింగ్ ఇంకో గంటకు ఉంది ఆంటీ. మీకొక మాట చెప్పి పోదామని చేసిన."

"చెప్పమ్మా."

"ఇంటికాడ అందరు అడుగుతున్నరు, ఎట్లయింది, ఎవరు చేసిన్రు అని. నేనే తారీఖు మర్చిపోయిన అని చెప్పిన. ఈడ ఫ్రెండ్సుకు గూడ అదే చెప్పిన. మీ పేరు ఏడా రానియ్యలే. మీరేం పరేషాన్ కాకుండ్రి."

నన్ను తిట్టినా బాగుండేది. తప్పు నాదేనని, క్షమించమని అప్పుడైనా అనొచ్చు. ఎదురుగా కూర్చున్న ముగ్గురికీ తెలుగు రాదు, ఎవరూ వినరు కూడా. నా ప్రాణం మాత్రం కుదుటపడింది. అది నాకు స్పష్టంగా తెలిసింది, భుజాలు కిందికి దిగడం కూడా తెలిసింది.

"థాంక్స్ అమ్మా" అన్నాను.